స్కూబా డైవర్‌కి స్నార్కెల్ అవసరమా? మాస్క్‌కి తగిలించాలా, జేబులో పెట్టుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: అండమాన్‌లోని హేవలాక్ దీవిలో ఓపెన్ వాటర్ కోర్సు (స్కూబాలో మొదటి కోర్సు) చేశారు. కోర్సులో స్నార్కెల్, అంటే ముఖం నీళ్లలో ఉన్నా పైగాలి పీల్చుకోవడానికి నోట్లో పెట్టుకునే గొట్టం, తప్పనిసరి అన్నారు, మీరూ కొన్నారు. తర్వాత ఫన్ డైవ్‌కి వెళ్తే బోటులో ఉన్న పాత డైవర్లలో ఒక్కరి మాస్క్‌కీ స్నార్కెల్ లేదు. పైగా మీది చూసి ఒకాయన నవ్వారు. ఫిబ్రవరిలో మళ్లీ అండమాన్ వెళ్తున్నారు. నీటిపైన ఉన్నప్పుడు స్నార్కెల్ వాడాలా, రెగ్యులేటర్ (ట్యాంకులోని గాలిని నోటికి అందించేది) నోట్లోనే ఉంచుకోవాలా, అసలు ఆ గొట్టం తీసుకెళ్లాలా వద్దా అని అడుగుతున్నారు.

ముందు నా జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మాస్క్‌కి తగిలించుకుని డైవ్ చేయకండి. మడతపెట్టే రకం ఒకటి కొని బీసీడీ (తేలడానికి గాలి నింపుకునే జాకెట్) జేబులో పెట్టుకోండి. ట్యాంకులో గాలి ఉన్నంత సేపు, అలలు లేస్తున్నప్పుడు నోట్లో ఉండాల్సింది రెగ్యులేటరే. స్నార్కెల్ పని దూరం ఈదాల్సి వచ్చినప్పుడు, లేదా గాలి అయిపోయాక బోటు కోసం చాలాసేపు ఎదురుచూడాల్సి వచ్చినప్పుడు. నేను విశాఖవాణ్ణి. అండమాన్‌లో డైవ్‌మాస్టర్‌గా (డైవర్లని వెంట తీసుకెళ్లే గైడ్‌గా) మొదలుపెట్టి తర్వాత ఇన్‌స్ట్రక్టర్‌గా చాలా సీజన్లు పని చేశాను. ఈ అభిప్రాయం ఆ పనిలో ఏర్పడింది. దీంతో ఏకీభవించని మంచి ఇన్‌స్ట్రక్టర్లు కూడా ఉన్నారు.

మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పింది తప్పేం కాదు. డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడీ వాళ్ల ఓపెన్ వాటర్ కోర్సులో స్నార్కెల్ విద్యార్థి సామానులో భాగం. నీటిపైన స్నార్కెల్ తీసి రెగ్యులేటర్ పెట్టుకోవడం, మళ్లీ మార్చడం ఆ కోర్సులో నేర్పాల్సిన విద్య. ఈత పరీక్షలో కూడా 200 మీటర్లు మామూలుగా ఈదొచ్చు, లేదంటే మాస్క్, ఫిన్స్ (కాళ్లకి తొడుక్కునే రెక్కలు), స్నార్కెల్‌తో 300 మీటర్లు ఈదొచ్చు. డైవ్‌మాస్టర్ అవ్వాలంటే చేతులు వాడకుండా స్నార్కెల్‌తో 800 మీటర్లు ఈదాలి. అంటే ఈ విద్య రావాలి, అందులో రెండో మాట లేదు. విద్య రావడం వేరు, ప్రతి డైవ్‌లోనూ ఆ గొట్టాన్ని చెవి పక్కన వేలాడదీసుకుని తిరగడం వేరు.

అసలు ఈ గొట్టం స్కూబా సామానులోకి ఎలా వచ్చిందో తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది. ఫ్రాన్స్‌లో కుస్తో, గాన్యాన్ కలిసి ఆక్వాలంగ్ అనే తొలి స్కూబా పరికరం తయారుచేసింది 1943లో. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు డైవర్ ఒంటి మీద గాలి నింపుకునే జాకెట్ ఏదీ లేదు. ట్యాంకులో ఎంత గాలి మిగిలిందో చూపించే గేజ్ కూడా చాలామంది దగ్గర ఉండేది కాదు. జె-వాల్వ్ అని ఒకటి ఉండేది. ఊపిరి పీల్చడం కష్టమైనప్పుడు ట్యాంకు పక్కనున్న కడ్డీని కిందికి లాగితే దాచిపెట్టిన కాస్త గాలి విడుదలయ్యేది, దాంతో పైకి వచ్చేసేవారు. పైకి వచ్చేసరికి ట్యాంకు దాదాపు ఖాళీ. వెల్లకిలా తేలుతూ సేదతీరడానికి జాకెట్ లేదు. ఇక మిగిలింది బోర్లా పడుకుని, గొట్టంతో ఊపిరి పీలుస్తూ ఒడ్డుకో బోటుకో ఈదడం. ఆ రోజుల్లో స్నార్కెల్ లేకుండా దిగడం నిజంగా ప్రమాదం. ఫ్రాన్స్‌లో మోరిస్ ఫెంజీ మెడలో వేసుకునే గాలి జాకెట్‌కి పేటెంట్ తీసుకున్నది 1961లో. స్కూబాప్రో కంపెనీ స్టెబిలైజింగ్ జాకెట్ వచ్చింది 1971లో. అవి వచ్చాక, గేజ్ అందరికీ మామూలయ్యాక నీటిపైన డైవర్ పరిస్థితే మారిపోయింది. ఇప్పుడు ఒక బటన్ నొక్కితే తల నీటిపైకి వస్తుంది. ట్యాంకులో 50 బార్ (బార్ అంటే గాలి పీడనం కొలత) మిగిలి ఉండగానే పైకి రావాలని మొదటి రోజే చెబుతారు. కోర్సు పుస్తకాల్లో మాత్రం స్నార్కెల్ అలాగే ఉండిపోయింది. షాపులో అమ్ముకోవడానికి వీలుగా ఉండటం కూడా అందుకు కొంత కారణమని మా వాళ్లే జోకులేస్తుంటారు. అది సగం జోకే.

స్నార్కెల్ వాడితే గాలి ఆదా అవుతుందని అందరూ చెబుతారు. నిజమే, కానీ ఎంత ఆదా అవుతుందో లెక్కేసి చెప్పేవాళ్లు తక్కువ. మన దగ్గర ఎక్కువగా వాడే అల్యూమినియం ట్యాంకులో 11.1 లీటర్ల చోటు ఉంటుంది. 200 బార్ నింపితే సుమారు 2,220 లీటర్ల గాలి. నీటిపైన తేలుతూ నిదానంగా ఊపిరి పీల్చే మనిషికి నిమిషానికి 15 లీటర్లు పడుతుంది అనుకుందాం. పది నిమిషాలకి 150 లీటర్లు, అంటే గేజ్‌లో 13, 14 బార్. ఈదుతుంటే నిమిషానికి 25 లీటర్లు అనుకోండి, పది నిమిషాలకి 250 లీటర్లు, సుమారు 22 బార్. ఈ 250 లీటర్లు 18 మీటర్ల లోతులో ఎంతసేపు వస్తాయి? అక్కడ పీడనం 2.8 రెట్లు కాబట్టి, నిమిషానికి 20 లీటర్లు పీల్చే డైవర్‌కి నాలుగైదు నిమిషాలు. కాబట్టి బోటు మీద నుంచి నేరుగా సైట్ మీదే దూకి, రెండు నిమిషాల్లో కిందికి దిగిపోయేవాళ్లకి స్నార్కెల్ వల్ల ఆదా అయ్యేది లేనట్టే. ఒడ్డు నుంచి పదిహేను ఇరవై నిమిషాలు ఈది రీఫ్ చేరాల్సిన చోట మాత్రం ఆ ఆదా లెక్కలోకి వస్తుంది.

ఇదే లెక్కని తిప్పి చూడండి. 50 బార్‌తో పైకి వస్తే ట్యాంకులో ఇంకా 555 లీటర్లు ఉన్నట్టు. నిమిషానికి 25 లీటర్లు పీల్చినా ఇరవై నిమిషాల పైనే రెగ్యులేటర్ నోట్లో ఉంచుకోవచ్చు. అండమాన్‌లో మామూలు రోజుల్లో బోటు మీ దగ్గరికి రావడానికి అంత టైమ్ పట్టదు. అందుకే డైవ్ చివర గాలి మిగుల్చుకోవడం స్నార్కెల్ కంటే ముఖ్యం. 20 బార్‌తో పైకి వచ్చి "నా దగ్గర స్నార్కెల్ ఉందిగా" అనుకునే డైవర్ని నేను మరుసటి రోజు లోతు సైట్‌కి తీసుకెళ్లను.

ఇక అలల సంగతి. స్నార్కెల్ గొట్టాన్ని బోర్లా పడుకుని కిందికి చూసే మనిషి కోసం వంచారు. ముఖం నీళ్లలోకి ఉంటే గొట్టం నిటారుగా పైకి నిలబడుతుంది. అదే మనిషి బీసీడీలో గాలి నింపుకుని నిలువుగా తేలుతూ బోటు వైపు చూస్తే గొట్టం వెనక్కి వాలిపోతుంది, దాని కొస నీటికి దగ్గరగా వస్తుంది. వెనక నుంచి వచ్చే ఒక చిన్న అల చాలు, గొట్టం నిండిపోతుంది. డైవర్లు పైకి వచ్చాక ఎక్కువసేపు ఉండేది సరిగ్గా ఈ భంగిమలోనే. బోటు ఎక్కడుందో చూడాలి, బడ్డీని (జతగా దిగిన డైవర్‌ని) చూడాలి, చేయి ఊపాలి. రెగ్యులేటర్‌కి ఈ తంటా లేదు. తల ఎటు తిప్పినా, అల నెత్తిమీద నుంచి పోయినా గాలి ఇస్తూనే ఉంటుంది. మీ బీసీడీ జాకెట్ రకమైతే అది మిమ్మల్ని నిలువుగా నిలబెడుతుంది, లేదా కొంచెం వెనక్కి వాలిస్తే వెల్లకిలా పడుకోనిస్తుంది. బాగా గాలి నింపిన జాకెట్‌తో బోర్లా ఈదడం ఎంత ఇబ్బందో ఒకసారి చేసి చూడండి, పొట్ట కింద దిండు పెట్టుకుని పాకుతున్నట్టు ఉంటుంది. వెనక వైపు మాత్రమే గాలి నిండే రకం అయితే మనిషిని ముందుకు తోస్తుంది. ఆ రకం వాడేవాళ్లకి స్నార్కెల్ కాస్త ఎక్కువ పనికొస్తుంది.

వెల్లకిలా ఈదడం చాలామందికి నేర్పరు, లేదా నేర్పినా తర్వాత మర్చిపోతారు. బీసీడీలో సగానికి పైగా గాలి నింపి, వెనక్కి వాలి, మోకాళ్లు నీటిపైకి తేలకుండా చూసుకుంటూ ఫిన్స్‌తో నిదానంగా తన్నడమే. ముఖం ఆకాశం వైపు ఉంటుంది కాబట్టి రెగ్యులేటర్ తీసేసి కూడా మామూలుగా ఊపిరి పీల్చొచ్చు, అలలు లేని రోజైతే కబుర్లు కూడా చెప్పుకోవచ్చు. ఒకటే చిక్కు, ఎటు పోతున్నారో కనబడదు. ఒడ్డున కనిపించే చెట్టో టవరో వీపుకి ఎదురుగా పెట్టుకుని, లేదంటే కంపాస్ చూసుకుంటూ, పది పదిహేను తన్నులకి ఒకసారి తిరిగి చూసుకోవాలి. బోర్లా ఈదేవాడికి ఇంకో రకం ముప్పు. దగ్గరికి వస్తున్న బోటు అసలు కనబడదు. నీళ్లలో ఇంజిన్ శబ్దం వినిపిస్తుంది గానీ ఎటు నుంచి వస్తోందో మన చెవులు పట్టుకోలేవు. జెట్టీల దగ్గర, టూరిస్టు స్పీడ్ బోట్లు తిరిగే బీచ్‌ల దగ్గర ఇది చిన్న విషయం కాదు.

మాస్క్‌కి ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు చెబుతాను. నేను ఎక్కువ భయపడేది దిగే క్షణం గురించి. మూరింగ్ తాడు (బోటుని కట్టే తాడు) పట్టుకుని నలుగురైదుగురు కొత్త డైవర్లు నీటిపైన ఉంటారు. అందరి నోట్లో స్నార్కెల్. డైవ్‌మాస్టర్ బొటనవేలు కిందికి చూపిస్తాడు. ఒకమ్మాయి ఎడమ చేత్తో ఇన్‌ఫ్లేటర్ (బీసీడీలో గాలి నింపే, వదిలే గొట్టం) పైకెత్తి గాలి వదిలేస్తుంది, చక్కగా దిగుతుంది కూడా, కానీ నోట్లో ఉన్నది ఇంకా స్నార్కెలే. పెదాలకి రెండిటి మౌత్‌పీస్ ఒకేలా ఉంటుంది, పళ్ల మధ్య అదే సిలికాన్. మొదటి ఊపిరి ఉప్పునీళ్లు. డ్రై స్నార్కెల్ అయితే ఇంకా అధ్వాన్నం. పైన వాల్వ్ మూసుకుపోతుంది కాబట్టి నీళ్లు రావు, గాలీ రాదు. ఏం జరిగిందో బుర్రకి అందే లోపలే కాళ్లు కొట్టుకోవడం మొదలవుతుంది. దిగే ముందు చేసే ఐదు పనుల్లో స్నార్కెల్ తీసి రెగ్యులేటర్ పెట్టుకోవడం ఒకటిగా పెట్టింది అందుకే. మొదటి నుంచీ నోట్లో రెగ్యులేటరే ఉంటే ఈ పొరపాటుకి చోటే లేదు.

రెండోది, ఎడమ వైపు రద్దీ. రెగ్యులేటర్ హోస్ కుడి భుజం మీదుగా వస్తుంది కాబట్టి స్నార్కెల్‌ని ఎడమ వైపు పెడతారు. బీసీడీ ఇన్‌ఫ్లేటర్ కూడా ఎడమ వైపే. కంగారులో ఉన్న మనిషి గాలి వదలాలని ఇన్‌ఫ్లేటర్ బదులు స్నార్కెల్ పట్టుకుని పైకి లాగడం నేను చూశాను, లాగితే మాస్క్ పక్కకి జరిగి నీళ్లు నిండాయి. బడ్డీకి గాలి ఇవ్వాల్సి వచ్చినప్పుడు ముఖం దగ్గర ఎంత తక్కువ సామాను ఉంటే అంత మంచిది.

లోపల నీటి వడి ఉంటే గొట్టం అటూ ఇటూ కొట్టుకుంటుంది, మాస్క్ పట్టీని ఓ వైపుకి లాగుతూనే ఉంటుంది. మాస్క్ లీకవుతోందని షాపు చుట్టూ తిరిగేవాళ్లలో కొందరికి అసలు కారణం ఇదే. గొట్టం తీసేస్తే లీకు పోతుంది. పొడవు జుట్టు ఉన్నవాళ్లకి ఆ క్లిప్‌లో వెంట్రుకలు చుట్టుకుంటే డైవ్ అయ్యాక బోటులో ఒక అరగంట పని. తెగిపోయిన వలలు, గేలపు తాళ్లు ఉన్న చోట పొడుచుకుని ఉన్న ప్రతిదీ తగులుకుంటుంది. విశాఖ తీరంలో డైవ్ చేసేవాళ్లకి వలల సంగతి నేను చెప్పక్కర్లేదు. గుహల్లో డైవ్ చేసేవాళ్లు దారి తప్పకుండా ఒక సన్నని తాడు పట్టుకుని వెళ్తారు. ఆ తాడు మాస్క్ దగ్గర చిక్కుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే కేవ్ డైవర్లు స్నార్కెల్ అసలు పెట్టుకోరు. మునిగిన ఓడల లోపలికి వెళ్లేవాళ్లదీ అదే పద్ధతి. మీరు బోటులో చూసిన పాత డైవర్లు ఈ అలవాటులోంచి వచ్చినవాళ్లయి ఉంటారు, లేదా వాళ్లని చూసి మానేసినవాళ్లు.

ఇంతవరకు చదివి స్నార్కెల్ పారేయకండి. అది లేక ఇబ్బంది పడే సందర్భాలు ఉన్నాయి, అవి తేలిగ్గా తీసుకునేవి కావు.

ఒడ్డు నుంచి చేసే డైవ్‌లు మొదటిది. హేవలాక్‌లో నెమో రీఫ్ అలాంటిదే. పోటు మీదున్నప్పుడు ఒకలా, ఆటు మీదున్నప్పుడు ఇంకోలా ఉంటుంది. కొంత దూరం నడిచి, కొంత దూరం ఈది వెళ్లాలి. దుబాయ్, షార్జాల్లో ఉన్న మనవాళ్లు వారాంతాల్లో ఫుజైరా వెళ్లి స్నూపీ ఐలాండ్ దగ్గర డైవ్ చేస్తుంటారు, అక్కడ కూడా బీచ్ నుంచి ఈదుకుంటూ వెళ్లడమే. ఇలాంటి చోట బీసీడీలో గాలి బాగా తగ్గించి, బోర్లా పడుకుని, స్నార్కెల్‌తో కింద రీఫ్ చూసుకుంటూ పోతే గాలి మిగులుతుంది, దారి తెలుస్తుంది, దిగాల్సిన చోటు పైనుంచే కనిపిస్తుంది. ఇక్కడ స్నార్కెల్ బయటే ఉంచండి, దిగే ముందు తీసి జేబులో పెట్టుకోండి.

రెండోది, బోటు మీ దగ్గర లేనప్పుడు. 1998 జనవరి 25న ఆస్ట్రేలియాలో గ్రేట్ బ్యారియర్ రీఫ్ దగ్గర టామ్, ఐలీన్ లోనర్గన్ అనే అమెరికన్ దంపతులని డైవ్ బోటు వదిలేసి ఒడ్డుకి వెళ్లిపోయింది. తల లెక్క సరిగ్గా చూడలేదు. వాళ్లు లేరని తెలిసేసరికి రెండు రోజులు గడిచాయి. వాళ్లు దొరకలేదు. 2004 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా దగ్గర ఇంకో డైవర్‌కి ఇలాగే జరిగింది. పొగమంచులో కొన్ని గంటలు తేలుతూ ఉండగా, అటుగా వెళ్తున్న తెరచాప ఓడలో ఉన్న ఒక బాయ్ స్కౌట్ కంటబడి బతికాడు. నీటిపైన గంటలు గడపాల్సి వస్తే ట్యాంకులో మిగిలిన 50 బార్ ఎటూ చాలదు. అలలు లేచిన సముద్రంలో గంటల తరబడి ముఖాన్ని పైకెత్తి పట్టుకుని ఉప్పునీళ్లు మింగకుండా ఉండటం ఎంత అలసటో పడినవాళ్లకే తెలుస్తుంది. అప్పుడు మాస్క్ తీయకుండా, నోట్లో గొట్టం పెట్టుకుని, కాసేపు ముఖం నీళ్లలో వాల్చి విశ్రాంతి తీసుకోగలగడం పెద్ద ఊరట. అయితే మిమ్మల్ని కనిపించేలా చేసేది స్నార్కెల్ కాదు. ఎస్ఎంబీ (గాలి ఊదితే నీటిపైన నిలబడే రంగు గొట్టం), విజిల్, చిన్న అద్దం, టార్చ్ ఆ పని చేస్తాయి. జేబులో చోటు ఒక్కదానికే ఉంటే ఎస్ఎంబీ పెట్టుకోండి, స్నార్కెల్ ఇంట్లో వదిలేయండి. నారింజ రంగు ఎస్ఎంబీ గాలి నింపుకుని మనిషి ఎత్తున నిలబడితే దూరం నుంచి డుంగీ (చిన్న పడవ) నడిపేవాడికి కనిపిస్తుంది. నల్లటి వెట్‌సూట్‌లో ఉన్న తల కనిపించదు.

కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి లాంటి చోటు గురించి కూడా ఇదే మాట. మురుడేశ్వర్ నుంచి బోటులో గంటకి పైగా పట్టే ప్రయాణం, చుట్టూ ఖాళీ సముద్రం. అలాంటి చోట జేబులో రెండూ ఉండాలి.

మూడోది సరదా. రెండు డైవ్‌ల మధ్య గంట విరామంలో బోటు పక్కన తాబేలో, డాల్ఫిన్లో కనిపిస్తే ట్యాంకు వేసుకునే టైమ్ ఉండదు. మాస్క్, ఫిన్స్, స్నార్కెల్ పట్టుకుని దూకేయడమే. మాల్దీవుల్లో సౌత్ ఆరి అటాల్ దగ్గర తిమింగల సొరలని చూసేది ఎక్కువగా స్నార్కెల్‌తోనే. నిజం చెప్పాలంటే నా స్నార్కెల్ ఎక్కువగా తడిసింది ఈ విరామాల్లోనే.

కొనేటప్పుడు ఏం చూడాలి? జేబులో పెట్టుకోవడానికి చుట్టేయగల మెత్తటి సిలికాన్ రకం చాలు. పైన తేలే వాల్వ్ ఉన్న డ్రై రకం స్నార్కెలింగ్‌కే వెళ్లేవాళ్లకి బాగుంటుంది గానీ, డైవర్‌కి లావు, బరువు, ఇరుక్కుపోయే భాగాలు ఎక్కువ. కింద పర్జ్ వాల్వ్ (లోపలి నీళ్లు బయటికి పోయే చిన్న మూత) ఉన్నది సౌకర్యంగానే ఉంటుంది, కానీ ఇసుక రేణువు ఒకటి ఆ పల్చటి రేకు కింద చిక్కుకుంటే నీళ్లు కారుతూనే ఉంటాయి. ముఖం మొత్తం కప్పే మాస్క్‌లు, డెకాథ్లాన్ 2014లో తెచ్చిన ఈజీబ్రెత్ లాంటివి, స్కూబాకి పనికిరావు. వాటితో రెగ్యులేటర్ పెట్టుకోలేరు, కిందికి దిగుతూ ముక్కు నొక్కి చెవులు సమం చేసుకోలేరు.

పొడవైన గొట్టం కొంటే అలలు తగలవు కదా అని ఒకరు అడిగారు. లాభం లేదు. మీటరు లోతున నీరు ఛాతీ మీద పెట్టే ఒత్తిడి 0.1 బార్. మన ఊపిరి కండరాలు బలమంతా పెట్టి లాగితే వచ్చేది కూడా ఇంచుమించు అంతే. అంటే మీటరు కింద ఉండి పైనున్న గాలిని గొట్టంతో పీల్చడం సాధ్యం కాదు. గొట్టం పొడుగైనకొద్దీ ఇంకో ఇబ్బంది, వదిలిన గాలే మళ్లీ లోపలికి వస్తుంది. మామూలుగా ఒక ఊపిరి అర లీటరు. అందులో 150 మిల్లీలీటర్లు గొంతు, శ్వాసనాళాల్లోనే ఉండిపోయే పాత గాలి. స్నార్కెల్ దానికి ఇంకో 150 నుంచి 200 కలుపుతుంది. చిన్న చిన్న ఊపిరులు తీస్తే కొత్త గాలి సగం కూడా అందదు. అందుకే స్నార్కెల్‌తో నిదానంగా, లోతుగా పీల్చి పూర్తిగా వదలాలి. కరెంటుకి ఎదురీదుతూ రొప్పుతున్న మనిషి నోట్లో స్నార్కెల్ ఉంటే ఆయాసం తగ్గదు, పెరుగుతుంది.

ఇది ఆరోగ్యం సంగతి దాకా వెళ్తుంది కాబట్టి కాస్త ఆగుతాను. హవాయిలో స్నార్కెలింగ్ చేస్తూ చనిపోతున్నవాళ్ల మీద ఒక అధ్యయనం చేసి 2021లో నివేదిక ఇచ్చారు. నీళ్లు మింగి మునిగిపోవడం ఒక్కటే కారణం కాదని, కొందరిలో ఊపిరితిత్తుల్లోకి ఒంట్లోని ద్రవమే వేగంగా చేరిపోయి ఉంటుందని అందులో అన్నారు. ఊపిరి లాగడానికి గొట్టం పెట్టే నిరోధం, గుండెకి సంబంధించిన పాత జబ్బులు, శ్రమ, ఈ మూడూ కలిస్తే ప్రమాదమని వాళ్ల అంచనా. డైవర్లలో కూడా ఇమ్మర్షన్ పల్మనరీ ఎడీమా (నీళ్లలో ఉండగా ఊపిరితిత్తుల్లో ద్రవం చేరడం) అనేది తెలిసిన విషయమే. బీపీ ఉన్నవాళ్లు, యాభై దాటినవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. ఈదుతుండగా మామూలుకి మించి ఆయాసం, ఆగని దగ్గు, ఛాతీలో గురగుర అనిపిస్తే "ఇంకొంచెం దూరమేగా" అనుకోకండి. గొట్టం ఉమ్మేయండి, బీసీడీ నింపండి, వెల్లకిలా తిరగండి, బోటుకి చేయి ఊపండి. బోటెక్కాక ఆక్సిజన్ అడగండి, ఒడ్డు చేరగానే డాక్టర్‌కి చూపించండి, ఆ రోజుకి మళ్లీ నీళ్లలో దిగకండి.

ఇంకొకటి, స్నార్కెల్ చర్చలో మరుగున పడిపోయేది. నీటిపైన ఇబ్బంది పడి చనిపోయిన డైవర్లలో చాలామంది మునగడానికి నడుముకి కట్టుకున్న సీసం బరువులు అలాగే ఉండగా దొరికారని ప్రమాద నివేదికల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ట్యాంకులో గాలి లేకపోతే బీసీడీని నోటితో ఊదొచ్చు, బరువులు వదిలేయొచ్చు. ఈ రెండూ చేసినవాడు స్నార్కెల్ లేకపోయినా తేలుతాడు. చేయనివాడిని ఎంత మంచి స్నార్కెలూ తేల్చలేదు. మీ వెయిట్ బెల్ట్ బకిల్ ఏ చేత్తో తీస్తారో ఇప్పుడు కళ్లు మూసుకుని చూపించగలరా?

బోటు ఎక్కేటప్పుడు కూడా మాస్క్ ముఖం మీద, రెగ్యులేటర్ నోట్లో ఉండాలి. నిచ్చెన మీద కాలు పెట్టగానే రెండూ తీసేసేవాళ్లు ఎక్కువ. అల వచ్చి బోటు ఒక్క ఊపు ఊగితే వెనక్కి పడతారు, పడితే ట్యాంకు బరువుతో మునుగుతారు. డెక్ మీద కూర్చున్నాకే తీయండి. ఇక్కడ స్నార్కెల్‌కి ఏ పాత్రా లేదు.

ఫిబ్రవరి అంటే అండమాన్‌లో సముద్రం బాగుండే కాలమే. బోటు డైవ్‌లకి వెళ్తే దూకే ముందే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకోండి, డైవ్ అయ్యి బోటు ఎక్కేదాకా తీయకండి, 50 బార్‌తో పైకి రండి. వెళ్లే లోపు మీ ఊళ్లో పూల్ దొరికితే ఒక అరగంట ఈ పని మీద పెట్టండి: లోతు తక్కువ చోట పూర్తి సామానుతో తేలుతూ, చూడకుండా ఒక్క చేత్తో జేబు తెరిచి స్నార్కెల్ తీయాలి. మడత విప్పి, గొట్టాన్ని ఎడమ వైపు మాస్క్ పట్టీ కిందికి దోపుకోవాలి. దీనికి క్లిప్ అవసరం లేదు. రెగ్యులేటర్ తీసి స్నార్కెల్ పెట్టుకుని, ఒక్కసారి గట్టిగా ఊది లోపలి నీళ్లు బయటికి పోగొట్టాలి. ఊదాక కూడా అడుగున కొంచెం నీళ్లు గలగలమంటూ మిగులుతాయి. కంగారు పడకుండా నాలుకని అంగిలికి అడ్డం పెట్టి, సన్నగా పీల్చి, ఇంకోసారి ఊదండి. ఊదడానికి ఊపిరి మిగుల్చుకోవడం గుర్తుంచుకోండి, మొదట్లో అందరూ మొత్తం వదిలేసి తర్వాత ఊదబోతారు. జేబులో నెలల తరబడి మడిచి ఉంచితే గొట్టం మడత దగ్గర నొక్కుకుపోయి విప్పినా గుండ్రంగా రాదు. అందుకని ట్రిప్ అయ్యాక తీసి, మంచినీళ్లతో కడిగి, విప్పి ఆరబెట్టండి.

మీరు ఇప్పటికే కొన్నది ఏ రకమో రాయలేదు. గట్టి గొట్టం ఉన్నదైతే దాన్ని బోటు బ్యాగులో విరామాల కోసం ఉంచేసి, జేబుకి వేరేది చూసుకోండి. అలాగే మీరు అద్దెకి తీసుకునే బీసీడీ జాకెట్ రకమా, వెనక గాలి నిండే రకమా అన్నది షాపువాళ్లని అడిగి చెప్పండి. అందులో అసలు జేబు ఉందో లేదో కూడా అడగండి. అద్దె బీసీడీల్లో చాలావాటికి జిప్ పోయి ఉంటుంది. జేబు లేకపోతే తొడకి రెండు రబ్బరు పట్టీలతో కట్టుకునే పద్ధతి ఉంది, కావాలంటే అది ఎలాగో రాస్తాను.